రాజీనామాకు లొంగని తిట్టు

ఎంతమంది చైర్మన్లు వచ్చినా, ఎంతమంది పోయినా, ఆ మున్సిపల్ ఆఫీసులో మినిట్స్ పుస్తకం మాత్రం ఒక్క చేతిలోనే ఉండేది. ముప్ఫై ఎనిమిదేళ్ళు, పదకొండు మంది చైర్మన్లు, నాలుగువందల యాభై పైచిలుకు సమావేశాలు. ఒక్క కొట్టివేత లేదు. ఒక్క సిరా మరక లేదు. ఊరిబడిలో ఐదో తరగతితో చదువాపేసిన మనిషి రాత అది అంటే కొత్తగా వచ్చిన ఆఫీసర్లు నమ్మేవారు కాదు. నమ్మని ప్రతివాళ్ళనీ కూర్చోబెట్టి, ఆయనే బీరువా తెరిచి, ఏ సంవత్సరం చూపించమంటారో చెప్పమనేవాడు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని మొదట ఎవరన్నారో తెలీదుగాని, అప్పటినుంచి అందరికీ ఆయన ముత్యాలాయనే. అసలు పేరు జీతాల రిజిస్టర్లో తప్ప ఎక్కడా మిగల్లేదు.

ఆఫీసుకి టైపు మిషన్లు వచ్చాయి, తుప్పు పట్టాయి. కంప్యూటరొచ్చింది, గుడ్డ కప్పుకుని ఒక మూల కూర్చుంది. పదవీ విరమణ వయసు కూడా వచ్చి, ఆయన్ని పలకరించి, తన దారిన తాను పోయింది. "మీరు లేకపోతే మేమేం మాట్లాడామో మాకే గుర్తుండదు" అంటూ ఒక్కో చైర్మనూ ఒక్కో ఏడాది పొడిగించుకుంటూ వచ్చారు. డెబ్బై ఒకటో ఏట కూడా చెయ్యి వణకలేదు.

సభలో అనకూడని మాట ఎవరైనా అంటే చైర్మన్ "తీసేయండి" అంటాడు. ఇంకొకరైతే అడ్డంగా గీత లాగేసేవారు. ముత్యాలాయన పుస్తకంలో గీతకి చోటు లేదు. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి, జిగురు ఇంట్లో తనే చేసుకునేవాడు. వేలెడు వెడల్పున తెల్లకాగితం కత్తిరించి ఆ మాట మీద అంటించేవాడు. అంచు లేవదు, ముడత పడదు. "నేనంటించిన కాగితం నేను పోయాక కూడా ఊడదు" అని చెప్పుకునేవాడు, నిజమే కూడా. తర్వాతి నెల సభ మొదలవగానే కిందటి నెల మినిట్స్ నిలబడి చదవాలి. కాగితం అంటించిన చోటికి రాగానే ఒక్క ఊపిరి సేపు ఆగి ముందుకు సాగేవాడు. ఆ ఊపిరిలో ఏముందో అందరికీ తెలుసు. తిట్టినవాడు బల్లకేసి చూసేవాడు.

ఏ తిట్టు ఉంచాలి, ఏది తీసేయాలి అన్న దానికి కూడా ఆ సభలో కొలత పెట్టినవాడు ఆయనే. అది మూడో చైర్మన్ నాటి మాట. పార్టీ మారిన ఒక సభ్యుణ్ణి ఇంకొకాయన "కుంటి ఊసరవెల్లి" అన్నాడు. ఆ సభ్యుడికి చిన్నప్పటినుంచీ ఒక కాలు సన్నం. ఇది రాజకీయమని ఒక పక్షం, కాదు మనిషిని అవమానించడమని ఇంకో పక్షం గంటసేపు కొట్టుకున్నాక, చైర్మన్ దిక్కుతోచక గుమాస్తా వైపు చూశాడు. ముత్యాలాయన కలం మూసి లేచాడు.

"ఊసరవెల్లిని ఉండనివ్వండి. రేపాయన పాత పార్టీకి తిరిగెళ్తే ఆ తిట్టు పోతుంది. కుంటి మాత్రం తీసేయాలి. కాలు రాజీనామా చెయ్యదు కదండీ."

సభ బల్లలు చరిచింది. ఆ రోజు నుంచి అదే కొలత. రాజీనామాతో పోయేది రాజకీయం, పోనిది చిన్నచూపు. ఆ కథ ఆయన చెప్పని మనిషి లేడు. కూతురి పెళ్ళిలో పెళ్ళికొడుకు తల్లికి కూడా చెప్పాడు. ఆవిడ సగం విని, "తెలిసింది అన్నయ్యగారూ, కాలు రాజీనామా చెయ్యదు. ఇక వడ్డించమందామా, అన్నం చల్లారిపోతోంది" అంది.

ఆ వియ్యపురాలి ఇల్లు రైలుగేటు అవతల. అవతల ఎనిమిది వీధులు. ఎప్పుడో మిల్లు పనికని వచ్చిన వాళ్ళ పిల్లలూ, మనవలూ. ఇనుము చెక్కే లేతుమిషన్ల షెడ్లు, కుట్టుమిషన్లు, ఇరుకు వరండాలు. ముత్యాలాయన అల్లుడు లేతు పనివాడు. తల్లి ముందుగదిలో బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. గేటు అవతలి వాళ్ళంతా గొడుగు పార్టీ అని ఊళ్ళో పేరు. కిందటి ఎన్నికల్లో మిగతా ఊరంతా గంట పార్టీని గెలిపిస్తే, అవతలి నుంచి గొడుగు గుర్తు మీద రిటైరైన టీచరమ్మ ఒక్కతే గెలిచి సభకొచ్చింది.

ఇటుకబట్టీ నడిపే గంట పార్టీ సభ్యుణ్ణి అందరూ బట్టీ ఆయన అంటారు. కొత్త సభ మొదటి సమావేశంలో ఆయన లేచాడు.

"ఊరంతా గంట మోగుతుంటే గేటు అవతల మాత్రం గొడుగు కింద బూజు పేరుకుంది. అది దులిపితే గాని ఊరు బాగుపడదు."

సభ నవ్వింది. నిజం చెప్పాలంటే రాసుకుంటూ ముత్యాలాయనకి కూడా పెదవి కదిలింది. రెండో సమావేశంలో అదే మాట "బూజుగాళ్ళు" అయింది. మూడో సమావేశానికి ముందూ వెనకా ఏమీ లేకుండా ఒట్టి "బూజు" అయింది. బూజు వీధుల్లో దీపాలెందుకు, బూజు కుళాయికి నీళ్ళెందుకు. మూడు నెలల్లో పదిహేడు సార్లు. లెక్క ఆయన దగ్గరుంది.

ఆ మూడో సమావేశంలోనే టీచరమ్మ లేచి నిలబడింది. "అధ్యక్షా, ఈ మాట తీసేయించండి. ఇది మనుషుల్ని అంటున్న మాట."

"పార్టీని అన్నానమ్మా, మనుషుల్ని కాదు," అన్నాడు బట్టీ ఆయన. "రాజకీయాల్లోకి వచ్చాక ఆమాత్రం పడాలి. పడలేకపోతే బడికి పోయి పిల్లలకి ఎక్కాలు చెప్పుకోవాలి."

చైర్మన్ వయసులో చిన్నవాడు, మాట మెత్తన. ఆనవాయితీ ప్రకారం గుమాస్తా వైపు తిరిగాడు. "పెద్దాయనా, మీ కొలత ఏమంటోంది?"

ముత్యాలాయనకి కూతురు గుర్తొచ్చింది. గుర్తొచ్చింది కాబట్టే తొందరపడ్డాడు. కూతురు గేటు అవతల ఉందని ముత్యాలాయన మొగ్గు చూపించాడని రేపు ఏ నోరూ అనకూడదు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఎవరూ అననిది ఇప్పుడు అనిపించుకోవడమా?

"గొడుగు పార్టీకి రాజీనామా చేస్తే పోయే మాటే కదండీ," అన్నాడు. "రాజకీయం. ఉండొచ్చు."

బల్లలు మోగాయి. టీచరమ్మ కోపగించుకోలేదు. ఆయన వైపు చూసి, "ఇంకోసారి కొలిచి చూడండి, ముత్యాలాయనా" అని మాత్రం అని కూర్చుంది.

సభలో రాసి ఉంచిన మాటకి బయట కాళ్ళొచ్చాయి. ఆ ఆదివారం కూతుర్ని చూడ్డానికి బస్సెక్కితే, గేటు దాటగానే కండక్టర్ బస్సు రేకు మీద చరిచి, "బూజు స్టాపు! బూజు స్టాపు దిగేవాళ్ళు దిగండి!" అని అరిచాడు. బస్సులో కొందరు నవ్వారు. దిగాల్సిన ఇద్దరాడవాళ్ళు తలొంచుకుని దిగారు. వాళ్ళ వెనకే ముత్యాలాయన కూడా దిగాడు. వీపుమీద ఎవరి చూపులో గుచ్చుకున్నట్టనిపించి వెనక్కి తిరగలేదు.

వీధి మామూలుగానే ఉంది, కానీ ఎవరూ అరుగుల మీద లేరు. పొద్దున పదకొండింటికి తలుపులన్నీ వేసి ఉన్నాయి. మూడో వీధిలో తన కూతురి ఇంటి తలుపు మీద తారుతో, నిలువెత్తున, రెండక్షరాలు. ముందు ఆయన కంటికి ఆనింది రాత. బ పొట్ట పగిలినట్టుంది, జ కొమ్ము తలుపు దాటి గోడమీదికి పాకింది. 'ఎవడీ రాత రాసింది' అని మనసులో చీదరించుకున్నాక గాని అది ఏ మాటో ఆయనకి ఎక్కలేదు.

అల్లుడు కిరసనాయిలు గుడ్డతో రుద్దుతున్నాడు. తారు పోలేదు, ఇంకా వెడల్పయింది.

"రండి మామయ్యా. చూసుకుని రండి, చొక్కాకి అంటుతుంది."

లోపల మిషను ఆగి ఉంది. పక్కన యూనిఫారాల కట్టలు, కత్తిరించినవి కత్తిరించినట్టే.

"అన్నయ్యగారొచ్చారా!" అంది వియ్యపురాలు. "చూశారా, మాకు బిరుదిచ్చారు. మీ పుస్తకంలో ఉన్న మాటేనటగా. బడివాళ్ళు కూడా గుడ్డ వెనక్కి ఇమ్మని కబురు పెట్టారు. బూజు పట్టిన యూనిఫారాలు పిల్లలకి వద్దట."

"అది... పార్టీని అన్న మాట, చెల్లెమ్మా."

"అలాగా?" ఆవిడ మిషను సొరుగు లాగింది. దారపుండల మధ్యనుంచి అట్ట ముక్కొకటి తీసి ఆయన చేతిలో పెట్టింది. గంట పార్టీ సభ్యత్వ కార్డు. ముప్ఫై ఏళ్ళనాటిది, ఏడాదికొక ముద్ర చొప్పున వెనకంతా నిండిపోయింది. "మా ఆయన గొడుగు, నేను గంట. ఒకే ఇంట్లో రెండు పార్టీలు, పాతికేళ్ళు అన్నం ముందు పోట్లాడుకున్నాం. ఆయన పోయాడు, నేను మారలేదు. మొన్న మీ బట్టీ ఆయన ఊరంతా కట్టిన జెండాలు ఎవరు కుట్టారనుకున్నారు? ఈ మిషనే. ఇప్పుడు మీ కొలత తియ్యండి అన్నయ్యగారూ. నేను ఏ పార్టీకి రాజీనామా చెయ్యాలి?"

ఆయన కార్డు అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు.

"గంటకి రాజీనామా చేసి మళ్ళీ గంటలోనే చేరమంటారా?" అని నవ్వింది ఆవిడ. "పోనీ ఓ కాగితం తీసి, ముత్యాల్లాంటి అక్షరాలు మీవి, మీరే రాసిపెట్టండి. 'ఈ వీధికి రాజీనామా చేస్తున్నాను' అని. సంతకం పెట్టేస్తా."

కూతురు మంచినీళ్ళ గ్లాసు తెచ్చిచ్చి అక్కడే నిలబడింది.

"నాన్నా, నిన్న ఇద్దరు మనుషులు టేపు పట్టుకొచ్చారు. ఇళ్ళ ఎత్తు కొలుచుకుంటూ పోయారు. ఎందుకని అడిగితే, ఎంత పొడుగు కర్ర కావాలో చూడాలన్నారు."

"దేనికి?"

"అదే అడిగా. దులపడానికి అన్నారు. అని నవ్వలేదు నాన్నా. నవ్వితే బాగుండేది."

ముత్యాలాయన గ్లాసు కింద పెట్టాడు. "సామాను సర్దండి. అందరూ మా ఇంటికి పదండి."

"ఈ వీధిలో ఎనభై ఇళ్ళు అన్నయ్యగారూ," అంది వియ్యపురాలు, ఈసారి వేళాకోళం లేకుండా. "అందరికీ మీ ఇంట్లో చోటుందా?"

ఆయన తిరిగొచ్చి జిగురు ఉడికించాడు. మర్నాడు ఆఫీసులో పుస్తకం తెరిచి, పదిహేడు కాగితపు పట్టీలు కత్తిరించి, పదిహేడు చోట్లా అంటించాడు. చైర్మన్ చెప్పకుండా ఒక మాట మీద చెయ్యి పెట్టడం ఆ ముప్ఫై ఎనిమిదేళ్ళలో అదే మొదలు. ఉద్యోగం పోతే పోనీ, సభ ముందు నిలబడి తన తప్పు తనే ఒప్పుకుంటే, కొలత పెట్టిన నోటితోనే దాన్ని సరిదిద్దితే, ఆ మాట చస్తుందనుకున్నాడు. మాట చస్తే కర్రల సంగతి కూడా దానితోనే పోతుందనుకున్నాడు.

సమావేశం రోజున నిలబడి చదవడం మొదలుపెట్టాడు. మొదటి పట్టీ దగ్గర ఊపిరి సేపు ఆగాడు. రెండో దాని దగ్గర ఆగాడు. నాలుగో దానికి సభలో కుర్చీల చప్పుడు కూడా లేదు.

"ఏంటి ముత్యాలాయనా, ఆయాసమా?" అన్నాడు బట్టీ ఆయన.

"కాదండీ. నేను తప్పు కొలిచాను." పుస్తకం బల్లమీద పెట్టాడు. "ముప్ఫై ఏళ్ళ గంట సభ్యత్వం ఉన్న మనిషి తలుపు మీద ఆ మాట రాసిపోయారు. ఆవిడ ఏ పార్టీకి రాజీనామా చేస్తే ఆ మాట పోతుందో నేను చెప్పలేకపోయాను. అంటే అది పార్టీని తిట్టడం కాదు, గేటు అవతల ఇల్లుండడాన్ని తిట్టడం. ఇల్లు రాజీనామా చెయ్యదండీ. అందుకే తీసేశాను. మీరు చెప్పకుండానే తీసేశాను."

అరుపులకి సిద్ధపడి నిలబడ్డాడు. అరుపులు రాలేదు. చైర్మన్ చిరునవ్వు నవ్వాడు.

"చాలా మంచిపని చేశారు పెద్దాయనా. నేనే చెబుదామనుకుంటున్నా. రేపు పైనుంచి ఎవరైనా వచ్చి పుస్తకం చూస్తే మన రికార్డు శుభ్రంగా ఉండాలి కదా. ఇకమీదట ఆ మాట ఈ సభలో ఎవరూ అనకూడదు."

బట్టీ ఆయన వినయంగా తలూపాడు. "అననండీ. ఇక అనాల్సిన అవసరం కూడా లేదు."

టీచరమ్మ ముఖం పాలిపోయింది. అది ముత్యాలాయన చూశాడు గాని, ఎందుకో ఆ క్షణాన అర్థం కాలేదు. చైర్మన్ రెండో అంశం చదివాడు. పట్టణ పరిశుభ్రత కోసం, చివర కుంచెలు బిగించిన పొడవాటి కర్రలు రెండువందలు. తెప్పించేది బట్టీ ఆయన. పని మర్నాడే, శనివారం.

"ఆఫీసుకున్నవి నాలుగు గదులు. రెండువందల కర్రలు దేనికి?" అంది టీచరమ్మ.

"ఆఫీసుక్కాదమ్మా. గేటు అవతల ఎనిమిది వీధులకి."

"వీధులకి పైకప్పు ఉండదు కదండీ. ఆ కర్రలు దేన్ని దులుపుతాయి?"

"పరిశుభ్రత వద్దంటున్నారని రాసుకోండి ముత్యాలాయనా," అన్నాడు బట్టీ ఆయన. చేతులు లేచాయి. వద్దని ఒక్క చెయ్యి.

అందరూ వెళ్ళాక ఆ తీర్మానం పుస్తకంలోకి ఎక్కించాడు. ఎప్పటిలాగే చక్కగా వచ్చింది. సిరా ఆరడానికి ఊదుతూ వెనకటి పేజీలు తిరగేశాడు. అప్పుడు తెలిసింది ఆయనకి టీచరమ్మ ముఖం అలా ఎందుకైందో. మూడు నెలల మాటలు అలాగే ఉండి ఉంటే, ఆ తర్వాత రెండువందల కర్రలు ఎందుకు కొన్నారో చదివిన ప్రతివాడికీ అర్థమయ్యేది. ఇప్పుడు పదిహేడు తెల్ల పట్టీలు, వాటి కింద పరిశుభ్రత తీర్మానం. పాలలాగా ఉంది. రేపు ఏం జరిగినా, ఏ జడ్జి ముందు పెట్టినా, ఇది వీధులు ఊడ్చుకుందామనుకున్న ఊరి పుస్తకం. దాన్నంత తెల్లగా కడిగి పెట్టింది తన చెయ్యే.

గోరుతో ఒక పట్టీ అంచు లేపబోయాడు. లేవలేదు. తడిగుడ్డ పెట్టాడు. బ్లేడు పెట్టాడు. కాగితంతో పాటు కింది అక్షరం కూడా చిరిగి వస్తోంది. నేనంటించింది నేను పోయాక కూడా ఊడదు అని ఎంతమందికి చెప్పాడో! బ్లేడు పక్కన పెట్టేశాడు.

తర్వాత కలం తీశాడు. ప్రతి పట్టీ పక్కనా, మార్జిన్లో, ఎప్పుడూ ఒక్క చుక్క పడనివ్వని ఆ ఎర్రగీత అవతల, రాశాడు. "ఈ కాగితం కింద ఉన్న మాట బూజు. అన్నది బట్టీ ఆయన. అంటించింది నేను." బట్టీ ఆయన అన్నచోట అతని అసలు పేరే రాశాడు. తన అసలు పేరు కూడా. పదిహేడు సార్లు. మార్జినంతా ఇరుకిరుకుగా, అసహ్యంగా తయారైంది. చివరి పేజీలో, రెండువందల కర్రల తీర్మానం కింద, తన రాజీనామా రెండు వాక్యాల్లో రాసి, దాని నకలొకటి చైర్మన్ బల్లమీద పెట్టాడు. ఆఫీసు కలం పాళీ కూడా ఇంటికి తీసుకెళ్ళని మనిషి, ఆ పుస్తకాన్ని గుడ్డసంచిలో పెట్టుకుని గుమ్మం దాటాడు.

శనివారం పొద్దున్నే గేటు దాటాడు. గేటు దగ్గర లారీ ఒకటి ఆగి ఉంది, టార్పాలిన్ కప్పి. దాని పక్కన కూర్చున్నవాళ్ళలో ఒకడు ఆయన చేతిలోని సంచి చూసి, "ఎక్కడికి తాతా, నువ్వూ బూజేనా?" అన్నాడు. ఆయన ఆగలేదు.

రాత్రే కబురందుకున్న టీచరమ్మ స్టాపులో ఉంది. పుస్తకం ఆవిడ చేతిలో పెట్టాడు.

"మార్జిన్లో రాశాను. చదవడం కష్టమే, క్షమించాలి."

ఆవిడ రెండు పేజీలు తిప్పి చూసింది. "ముప్ఫై ఎనిమిదేళ్ళలో మీరు రాసిన మంచి పేజీలు ఇవేనండీ," అంది. పెద్ద కోర్టు ఉన్న ఊరికి వెళ్ళే బస్సెక్కింది. ఆ ఊరు నాలుగు గంటల దూరం. పోను నాలుగు, ఎవరైనా వింటే, రాను నాలుగు.

కూతురి ఇంటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తలుపు మీద తారు ఇంకా వాసన కొడుతూనే ఉంది. లోపల మిషను తిరుగుతోంది. గుడ్డ వెనక్కి ఇవ్వకుండా వియ్యపురాలు యూనిఫారాలు కుట్టేస్తోంది.

"అన్నయ్యగారూ, ఆఫీసు లేదా ఇవాళ?"

"రాజీనామా చేశాను చెల్లెమ్మా."

మిషను ఆగింది. "పోయిందా మరి?"

"ఏంటి?"

"తిట్టు."

"లేదు. వస్తుంటే గేటు దగ్గర నన్ను కూడా అన్నారు."

ఆవిడ కత్తెర తీసి ఒళ్ళో పెట్టుకుంది. కూతురు కిటికీలు ఒక్కొక్కటే మూస్తోంది. వీధిలో ఆ చివర్నుంచి ఈ చివరికి గడియలు పడుతున్న చప్పుడు వరసగా వినిపిస్తోంది.

గేటు వరకూ వెళ్ళి చూసొచ్చిన అల్లుడు గబగబా నడిచి వచ్చాడు. పరుగెత్తడం లేదు. పరుగెడితే వెంటపడతారని కాబోలు.

"లారీ విప్పారు మామయ్యా. కర్రలు దించి పంచుతున్నారు."

ముత్యాలాయన కుర్చీలోంచి లేచాడు. తన చేత్తో రాసిన తీర్మానం అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "కుంచెలు బిగించి ఉన్నాయా, చూశావా?"

"చూశాను మామయ్యా," అన్నాడు అల్లుడు, తలుపు లోపలికి లాగుతూ. "కుంచెల్లేవు. ఒట్టి కర్రలే."